ముందు ఎవరు ముట్టుకున్నారో చెప్పు

ఏరా మామా,

ఎలా ఉన్నావు? అమ్మకి కొలంబస్ చలి అలవాటయిందా? ఆదివారం రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ నువ్వు ఫోన్ టక్కున పెట్టేసిన తీరు చూస్తే నా మీద కోపం ఇంకా పోలేదనిపించింది. "నేల తగిలి బంతి జారితే ఫంబుల్ ఎలా అవుతుందిరా" అని నువ్వు, "అవుతుందిరా బాబూ" అని నేను. ఫంబుల్ అంటే ఆట సాగుతుండగా చేతిలోని బంతి జారిపోవడమే కదా, అవతలివాళ్ళు అందుకుంటే బంతి వాళ్ళదైపోతుంది. ఆ గొడవలో మూడో క్వార్టర్ మొత్తం చూడనే లేదు. ఫోన్‌లో అయితే నన్ను ఒక్క ముక్క పూర్తిగా చెప్పనివ్వవు కదా, అందుకే ఉత్తరం రాస్తున్నా. ఇందులో నువ్వు మధ్యలో దూరలేవు.

ముందొకటి ఒప్పుకుంటా. నువ్వన్న మాటనే నేనూ కొన్నేళ్ళు వేదంలా నమ్మాను. డల్లాస్ వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకాయన ఇంటికి మ్యాచ్ చూడ్డానికి పిలిచాడు. బంతి పట్టుకుని పరిగెడుతున్నవాడు తనంతట తనే జారి పడ్డాడు. మోచేయి నేలకి తగిలింది, బంతి ఎగిరిపోయింది, అవతలివాళ్ళు ఎత్తుకుపోయారు. గదిలో అందరికంటే గట్టిగా నేనే అరిచా, అది ఫంబుల్ కాదని. పక్కన చిప్స్ నములుతున్న పెద్దాయన నావైపు తిరిగి, "పడేముందు వాణ్ణి ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు. అంతే, నా నోరు పడిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు మరి.

కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉందిరా. ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్‌లో, మనిషి ఉత్తినే కింద పడితే ఆట ఆగదు. అవతలి జట్టువాడు ముట్టుకుంటేనే ఆగుతుంది. ఎవరూ ముట్టుకోకపోతే లేచి దులుపుకుని మళ్ళీ పరిగెత్తొచ్చు. అంటే అలా పడినప్పుడు బంతి ఇంకా ఆటలోనే ఉన్నట్టు, జారితే నిక్షేపంగా ఫంబుల్. మరి "నేల వల్ల ఫంబుల్ కాదు" అనే మాట ఎందుకొచ్చిందంటావా? మామూలుగా అవతలివాడు టాకిల్ చేస్తేనే, అంటే పట్టి పడేస్తేనే కదా పడతారు. అప్పుడు మోకాలో మోచేయో నేలకి ఆనగానే ఆ ఆట ముగిసినట్టే. ఆ తర్వాత బంతి ఊడినా ఒకటే, ఊడకపోయినా ఒకటే.

నీ పొరపాటు ఎక్కడ మొదలైందో కూడా కనిపెట్టాను. శనివారం ఒహాయో స్టేట్ మ్యాచ్ వదలవు కదా. కాలేజీ ఆటలో రూలు వేరు. అక్కడ ఎవరు ముట్టుకున్నా, ముట్టుకోకపోయినా మోకాలు నేలకి తగిలితే ఆట ఆగిపోతుంది. శనివారం రూలు పట్టుకొచ్చి ఆదివారం నాతో వాదిస్తే ఎలా?

అయితే ఎన్ఎఫ్ఎల్‌లో ఇంకో మెలిక ఉంది. 2011 అక్టోబరు 2న అరిజోనాలో జెయింట్స్ ఆటగాడు విక్టర్ క్రూజ్ ఎవరూ తాకకుండానే పడ్డాడు. లేచి, బంతిని నేలమీదే వదిలేసి నడిచిపోయాడు. అవతలి జట్టు కార్డినల్స్‌వాళ్ళు ఎగిరి గంతేసి దాన్ని తీసుకున్నారు. రెఫరీలేమో, వాడు తనంతట తానే ఆట ఆపేసుకున్నాడు కాబట్టి ఫంబుల్ కాదన్నారు. అప్పట్లో దాని మీద రివ్యూ కూడా కుదరలేదు. ఆ వెంటనే జెయింట్స్ టచ్‌డౌన్ కొట్టి (బంతిని మైదానం చివర అవతలివాళ్ళ పట్టీలోకి చేర్చి) 31-27తో గెలిచారు. ఇది విని మళ్ళీ మీసం మెలేయకు, ప్రతి జారుడుకీ ఇది వర్తించదు.

ఇక మా డల్లాస్ జట్టు కౌబాయ్స్‌కి ఒకసారి తీపి, ఒకసారి చేదు పంచిన రూలు చెప్తా. ఫంబుల్ అయిన బంతి ముందుకు దొర్లి సైడ్‌లైన్ దాటిందనుకో, ఎక్కడ జారిందో అక్కడికే తెచ్చి అదే జట్టుకి ఇస్తారు. అదే బంతి ఇంకో జానెడు ముందుకెళ్ళి అవతలివాళ్ళ ఎండ్ జోన్‌లోంచి, అంటే ఆ చివరి పట్టీలోంచి, బయటికి పోతే? చాలామంది ఒక యార్డ్ గీత దగ్గర మళ్ళీ మనకే ఇస్తారనుకుంటారు. ఇవ్వరు. అవతలివాళ్ళకి 20 యార్డ్ల గీత దగ్గర అప్పగిస్తారు. 2017 డిసెంబరులో రైడర్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడి నడిపేవాడు) డెరెక్ కార్ చివరి నిమిషంలో బంతిని చాచి ఎండ్ జోన్ మూలనున్న పైలాన్‌కి (గుర్తు కోసం పెట్టే చిన్న స్తంభానికి) తగిలించబోయాడు. చేతిలోంచి జారి ఎండ్ జోన్ బయటికి పోయింది. కౌబాయ్స్ 20-17తో గెలిచారు. ఆ రాత్రి మా వీధంతా గోల. చేదు సంగతి 1993 జనవరి సూపర్‌బౌల్‌ది, అంటే ఎన్ఎఫ్ఎల్ ఫైనల్‌ది. మా లియాన్ లెట్ ఫంబుల్ ఎత్తుకుని 60 యార్డ్లకు పైగా పరిగెత్తి, ఇక అయిపోయిందని బంతిని పక్కకి చాచి పట్టుకున్నాడు. వెనకనుంచి బఫెలో ఆటగాడు డాన్ బీబీ వచ్చి బంతిని చేత్తో కొట్టేశాడు. బంతి ఎండ్ జోన్ దాటిపోయింది, బఫెలోకి వెళ్ళింది. మ్యాచ్ 52-17తో మనదే కాబట్టి ఇప్పటికీ నవ్వుకుంటాం. నన్నడిగితే ఈ రూలు మరీ కర్కశం. కానీ 2017లో ఆ మాట నా నోట రాలేదనుకో.

ఫంబుల్‌ని సొంత జట్టువాడు ఎవడైనా ఎత్తుకుని పరిగెత్తొచ్చని కదా నువ్వన్నావు? మామూలుగా అయితే నిజమే. నాలుగో డౌన్‌లోనూ (బంతి ముందుకు తీసుకెళ్ళడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిదాంట్లో), ప్రతి సగం ఆఖరి రెండు నిమిషాల్లోనూ మాత్రం కుదరదు. బంతి జార్చినవాడే ముందుకు తీసుకెళ్ళాలి. అవతలి జట్టుకి ఈ అడ్డు లేదు. దీనికి కారణం 1978 సెప్టెంబరు 10న శాన్‌డియాగోలో రైడర్స్ చేసిన చిలిపిపని. ఓడిపోతున్న చివరి క్షణాల్లో కెన్ స్టేబ్లర్ కావాలనే బంతిని ముందుకు జార్చాడు, ఇంకొకడు దాన్ని నెట్టాడు, డేవ్ కాస్పర్ కాలితో తన్నుకుంటూ ఎండ్ జోన్‌లోకి తీసుకెళ్ళి మీద పడ్డాడు. 21-20తో రైడర్స్ గెలిచారు. మరుసటి ఏడాదికల్లా రూలు మార్చేశారు.

పంట్‌ని, అంటే అవతలివాళ్ళు కాలితో తన్ని పంపిన బంతిని, అందుకోబోయి అసలు చేజిక్కించుకోకుండానే వదిలేస్తే దాన్ని ఫంబుల్ అనరు, మఫ్ అంటారు. తన్నిన జట్టు దాన్ని పట్టుకోవచ్చు గానీ పరిగెత్తకూడదు. నువ్వింకా తిట్టుకునే క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ టక్ రూలు (విసరబోయి బంతిని వెనక్కి లాక్కుంటూ జార్చినా ఫంబుల్ కాదనేది) 2013లోనే తీసేశారు, ఇక వదిలెయ్.

థాంక్స్‌గివింగ్‌కి వస్తున్నావుగా, ఆ రోజు కౌబాయ్స్ మ్యాచ్ ఉంటుంది. అమ్మ చేతి గోంగూర పచ్చడి సీసా మర్చిపోకు. బంతి జారినప్పుడు "ఎవరు ముట్టుకున్నారు" అని అడక్కుండా నేల సంగతి ఎత్తావంటే ఆ పూట గిన్నెలన్నీ నువ్వే తోమాలి.

నీ పాత రూమ్మేట్