పని మొదలుపెట్టకముందే కౌంటీ ఆఫీసుకు వెళ్లండి

సంపాదకులకు,

అమెరికాలో పొలమో, పశువుల ర్యాంచో కొన్న మన తెలుగువాళ్లు చాలామంది ఫెడరల్ సాయం పోగొట్టుకునేది ఒక్క కారణంతోనే: పని ముందు మొదలుపెట్టి, దరఖాస్తు తర్వాత పెడతారు. ప్రవాస పాఠకులకు ఉపయోగపడుతుందని ఈ ఉత్తరం ప్రచురించగలరు.

నేల, నీరు కాపాడే పనుల ఖర్చులో వాటా ఇచ్చే పథకం ‘ఈక్విప్’. దీన్ని వ్యవసాయ శాఖలోని ఎన్‌ఆర్‌సీఎస్ నడుపుతుంది. అడ్డకంచె, పశువుల నీటితొట్టి, పైపులైను, కవర్ క్రాప్ (నేలను కప్పి కాపాడటానికి వేసే పంట), హై టన్నెల్ (లోపల పంట పెంచే ప్లాస్టిక్ కప్పు గుడారం) ఇలాంటివన్నీ దీని కిందికి వస్తాయి. అయితే కాంట్రాక్టు మీద మీ సంతకమూ ప్రభుత్వ సంతకమూ పడకముందు ఒక్క గుంజ పాతినా ఆ పనికి డబ్బు రాదు. తొందర ఉంటే ముందే రాతపూర్వకంగా మినహాయింపు అడగాలి. పని అయ్యాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

కంచె విషయంలో అపోహ ఎక్కువ. హద్దు చూపించడానికి వేసుకునే కంచెకు సాధారణంగా ఇవ్వరు. మేతబీడును మడులుగా విడదీసి పశువులను వంతులవారీగా తిప్పి మేపడానికో, అవి వాగులోకి దిగి గట్లు తొక్కేయకుండా ఆపడానికో అయితే ఇస్తారు. కాబట్టి ఆఫీసులో ‘కంచె కావాలి’ అని మొదలుపెట్టకండి. నేల ఎక్కడ కోసుకుపోతోందో, గడ్డి ఎక్కడ పలచబడిందో చెప్పండి. వాళ్లే పొలానికి వచ్చి ప్రణాళిక రాస్తారు. దానికి రుసుము లేదు. అందుకే ‘సబ్సిడీ ఇప్పిస్తాం’ అని డబ్బు అడిగే మధ్యవర్తుల అవసరమూ లేదు.

డబ్బు పని పూర్తయ్యి, కొలతలు సరిపోయాయని వాళ్లు ధ్రువీకరించాకే వస్తుంది. అదీ మీ బిల్లు ప్రకారం కాదు, ఆ రాష్ట్రం ముందే ప్రకటించిన రేటు ప్రకారం. తీగ మందం, గుంజల మధ్య దూరం డిజైన్‌లో ఉన్నట్టు లేకపోతే మళ్లీ వేయమంటారు. సేద్యంలోకి వచ్చి పదేళ్లు దాటనివారిని కొత్త రైతులుగా లెక్కిస్తారు. వాళ్లకు రేటు ఎక్కువ, కనీసం సగం ముందుగానే తీసుకునే వీలూ ఉంది. ఆ ముందస్తు సొమ్మును 90 రోజుల్లో ఖర్చుపెట్టాలి.

మొదటి మెట్టు మీ కౌంటీకి సంబంధించిన యూఎస్‌డీఏ సర్వీస్ సెంటర్. చిరునామా ఫార్మర్స్ డాట్ గవ్‌లో దొరుకుతుంది. అక్కడ రైతు రుణాలు, పొలాల రికార్డులు చూసే ఎఫ్‌ఎస్‌ఏ విభాగంలో మీ పొలానికి ఫార్మ్ నంబర్ తీసుకోవాలి. దస్తావేజు లేదా కౌలు పత్రం, గుర్తింపు కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబర్ పట్టుకెళ్లండి. భూమి ఎల్ఎల్‌సీ కంపెనీ పేరిట ఉంటే సంతకం చేసే అధికారం ఎవరిదో చూపే కాగితాలు కూడా కావాలి. దరఖాస్తులు చాలాచోట్ల ఆగేది ఇక్కడే. చిత్తడి నేలలు, కోతకు గురయ్యే నేలల నిబంధన పాటిస్తామని ఏడీ-1026 ఫారం, ఆదాయ పరిమితి కోసం సీసీసీ-941 ఫారం నింపాలి. సాధారణంగా మూడేళ్ల సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటకూడదు. ఈక్విప్ దరఖాస్తు ఏడాది పొడవునా తీసుకుంటారు, కానీ వాటిని పోల్చి వరుస పెట్టే ర్యాంకింగ్‌కు ప్రతి రాష్ట్రమూ గడువు పెడుతుంది. అది దాటితే తర్వాతి విడత దాకా ఆగాలి.

‘సీఆర్‌పీ’ అనే మరో పథకం కింద భూమిని సాగు నుంచి తప్పించి 10 నుంచి 15 ఏళ్లు ప్రభుత్వం నుంచి అద్దె పొందవచ్చు. నిన్న మొన్న కొన్న భూమికి మాత్రం కుదరదు. సాధారణంగా 12 నెలల యాజమాన్యం ఉండాలి.

అప్పులు ఎఫ్‌ఎస్‌ఏ ఇస్తుంది. మైక్రోలోన్ 50 వేల డాలర్ల దాకా, సాగు ఖర్చుల రుణం 4 లక్షల దాకా, భూమి కొనుగోలు రుణం 6 లక్షల దాకా ఉంటాయి. కొత్త రైతులకు 5 శాతం సొంత సొమ్ముతో మొదలయ్యే డౌన్ పేమెంట్ రుణం కూడా ఉంది. వీటికి సిటిజన్‌షిప్ గానీ గ్రీన్‌కార్డ్ గానీ ఉండాలి. హెచ్1బీ మీద ఉన్నవారికి రావు. మరోచోట సరైన షరతులతో అప్పు పుట్టదని నిరూపించాలి, సేద్యం కూడా మీరే చూసుకోవాలి. మంచి జీతాలున్న దంపతులు పొలం కొని కౌలుకిచ్చి ఈ రుణం ఆశిస్తే నిరాశే.

వీసా మీద ఉండి పొలం కొన్నవారికి మరో బాధ్యత ఉంది. విదేశీయులు సాగుభూమి కొన్నట్టు తెలిపే ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారం 90 రోజుల్లోగా ఇవ్వాలి. లేకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా ఉండొచ్చు. మొత్తం పదెకరాల లోపు ఉండి, పంట అమ్మకం ఏడాదికి వెయ్యి డాలర్లు మించకపోతే ఇది అక్కర్లేదు. ఈ సంగతి రియల్ ఎస్టేట్ ఏజెంట్లు కొనే రోజునే చెప్పాలి.

దరఖాస్తు తిరస్కరిస్తే ఉత్తరంలో కారణం రాస్తారు. దాన్ని పక్కన పడేయకండి. అది అందిన 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు, వ్యవసాయ శాఖలో అప్పీళ్లు వినే నేషనల్ అప్పీల్స్ డివిజన్ దాకా వెళ్లవచ్చు.

ఇట్లు,
సాగు రుణాలు, పథకాల వ్యవహారాలు తెలిసిన ఒక పాఠకుడు