ఆంధ్రప్రదేశ్ శాసనసభ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పాత శాసనసభ్యుల ఎన్నికల చరిత్రను తెలుగులో, ఒక్కొక్కరికి ఒక్కో పుటగా అందుబాటులో ఉంచాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. పుచ్చలపల్లి సుందరయ్య గారినే తీసుకోండి. నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టిన ఆయన 1952లో రాజ్యసభకు వెళ్లి, 1955 మధ్యంతర ఎన్నికల్లో కృష్ణా జిల్లా గన్నవరం నుంచి ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు గెలిచారు. మరుసటి ఏడే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయింది. 1962లో అక్కడే మళ్లీ నెగ్గారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. 1962 ఫలితాల పట్టికలో ఆయన పేరు పక్కన సీపీఐ అని ఉంటుంది. కానీ 1964లో పార్టీ చీలి, అదే పదవీకాలంలో ఆయన సీపీఎం ప్రధాన కార్యదర్శి అయ్యారు. గెలిచిన రోజు లెక్క తప్పు కాదు గానీ, అయిదేళ్ల కథను అది చెప్పదు. 1967 నుంచి 1978 దాకా ఆయన సభలో లేని కాలమూ అంతే. 1978లో గన్నవరమే ఆయనను తిరిగి పంపింది, ఈసారి సీపీఎం అభ్యర్థిగా.

సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు (ఆ సైకిలే లేకపోతే ఎందరికి గుర్తుండేవారో!). నియోజకవర్గం, పార్టీ, పోలైన ఓట్లు, ఆధిక్యం, సభలో అడిగిన ప్రశ్నలు ఒకేచోట కనిపించే ఏర్పాటు చేయించగలరు.

ఇట్లు,
గన్నవరం ఓటరు