మాయా ప్రజలు ఎక్కడికీ పోలేదు

సంపాదకుడు గారికి,

మధ్య అమెరికాలోని మాయా నాగరికత గురించి మన పత్రికల్లో, చానళ్లలో ఏది వచ్చినా ‘అంతుచిక్కని రహస్యం’, ‘అదృశ్యమైన జాతి’ అనే చెబుతారు. మాయా క్యాలెండర్ పేరు చెప్పి 2012 డిసెంబర్‌లో యుగాంతం అంటూ జనాన్ని హడలగొట్టినప్పుడూ ఇదే వరస. మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసమూ అదే దారి పట్టడం బాధనిపించింది. గ్వాటెమాలా, మెక్సికోల్లో మాయా భాషలు మాట్లాడేవారు ఈ రోజుకీ లక్షల్లో ఉన్నారు. బతికున్న మనుషుల్ని లేనివాళ్లుగా రాయడం అన్యాయం.

వాళ్ల పుస్తకాలు ఏమయ్యాయన్నదీ రహస్యం కాదు. 1562 జులైలో మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో మని అనే ఊళ్లో స్పెయిన్ మతాచార్యుడు దియేగో దె లాండా వాటిని తగలబెట్టించాడు. అది చూసి మాయా ప్రజలు ఎంత కుమిలిపోయారో తనే రాశాడు కూడా. చెట్టు బెరడు కాగితానికి సున్నం పూసి రాసిన ఆ పుస్తకాల్లో నేడు మిగిలినవి నాలుగే. అదే లాండా వాళ్ల లిపి తెలిసినవారి చేత స్పానిష్ అక్షరాలకు గుర్తులు రాయించుకున్నాడు. ఆయన అక్షరం పేరు పలికితే వాళ్లు ఆ శబ్దానికి, అంటే మన గుణింతంలా అచ్చు కలిసిన హల్లుకు, గుర్తు వేసి ఇచ్చారు. 1952లో సోవియట్ పండితుడు యూరి క్నోరొజోవ్ ఈ కిటుకు పట్టుకున్నాకే ఆ లిపి చదవడానికి దారి దొరికింది.

ఇక నీళ్ల సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. గ్వాటెమాలాలోని ప్రాచీన మాయా నగరం తికాల్‌కు నది లేదు. పెద్ద పెద్ద ఆవరణలకు సున్నపు గచ్చు చేసి, వాననీళ్లు చెరువుల్లోకి జారేలా వాలు పెట్టారు. ఒక చెరువులో నీటిని వడకట్టడానికి క్వార్ట్జ్ ఇసుక, జియోలైట్ అనే ఖనిజం వాడిన ఆనవాళ్లు దొరికాయని 2020లో పరిశోధకులు ప్రకటించారు. ఆ ఖనిజాన్ని పనిగట్టుకుని బయటి నుంచి మోసుకొచ్చారు. అంత తెలిసినవాళ్లకూ రాజభవనం పక్క చెరువులో పాదరసం, విషపు నాచు చేరాయి. 9వ శతాబ్దంలో కరువులు, యుద్ధాలు ముదిరి దక్షిణాది మాయా నగరాలు ఖాళీ అయ్యాయి. ఉత్తరాన మాత్రం ఊళ్లు, రాజ్యాలు సాగాయి. ఆఖరి స్వతంత్ర మాయా రాజ్యానికి రాజధాని అయిన నోహ్‌పెతెన్‌ను స్పెయిన్ సైన్యం 1697లో గానీ పట్టుకోలేకపోయింది.

ఆ వ్యాసానికి సవరణ వేయాలని, వీలైతే నేటి మాయా ప్రజల బతుకు, భాషల మీద ఒక పూర్తి పేజీ కేటాయించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, ఏలూరు