చద్దన్నం అని రాసి పెరుగన్నం పెడితే ఎలా?

సంపాదకుడు గారికి,

విదేశాల్లో మన ఇంటిని గుర్తుచేసేలా కట్టిన హోటళ్ల గురించి మీ ఆదివారం సంచికలో చదివాను. అంతా మెచ్చుకోలే ఉంది, నాదొక ఫిర్యాదు.

మాది ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. నాలుగేళ్లుగా సింగపూర్‌లో ఉద్యోగం. పోయిన నెల లిటిల్ ఇండియా వైపు అలాంటి హోటల్‌కే వెళ్లాం. ప్లైవుడ్ అరుగు, గుమ్మానికి పసుపు రంగు పెయింటు, మూలన రోలు (అందులో మనీ ప్లాంట్!), గోడ మీద ఎవరి తాతగారిదో పాత ఫోటో. మెనూలో 'అమ్మమ్మ చద్దన్నం' కనిపించేసరికి మా ఆవిడ వద్దంటున్నా చెప్పేశాను. 14 డాలర్లు, దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ, కలిపి దాదాపు 17. డబ్బు సంగతి సరే, వచ్చింది మాత్రం అప్పుడే వండి చల్లార్చిన అన్నంలో పెరుగు కలిపి పైన దానిమ్మ గింజలు చల్లింది. పులుపు లేదు, ఆ వాసనా లేదు.

వడ్డించే అబ్బాయిని అడిగితే "రాత్రన్నం పెడితే కస్టమర్లు ఊరుకోరండీ" అన్నాడు. నిజమే. మరి ఆ పేరెందుకు?

మా ఊళ్లో ఈ పప్పులుడకవు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి పులుస్తుంది చూడండి, దాన్ని మా పక్కింటి ఒడియావాళ్లు బాసి పొఖాళొ అంటారు, అప్పటికప్పుడు వండి నీళ్లు పోస్తే సొజొ పొఖాళొ, పెరుగు పడితే దొహి పొఖాళొ. దేని పేరు దానిదే. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది గానీ ఈ వంటిళ్లు అంతకు ముందునుంచే కలిసున్నాయి. మా అమ్మ చద్దన్నంలోకి ఆవకాయతో పాటు బొడి చూరా కూడా పెడుతుంది, అంటే వేయించిన మినప వడియాలను వెల్లుల్లి, పచ్చిమిర్చితో నలిపింది.

అబద్ధమెందుకు, ఆ హోటల్‌కి మళ్లీ వెళ్తాను. అక్కడ గట్టిగా తెలుగులో మాట్లాడుకున్నా ఎవరూ తిరిగి చూడరు.

కానీ మీ వంటల పేజీకి కూడా ఇల్లంటే గుంటూరు, గోదావరేనా? శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దాటితే మేమే కదా. ఒకసారి ఇటు రండి, అమ్మ వండి చూపిస్తుంది. ఫోటో అంటే మాత్రం చీర మార్చుకొచ్చేదాకా ఆగాలి.

ఇట్లు,
ఒక పర్లాకిమిడి పాఠకుడు, సింగపూర్