దెయ్యం కథే కదా అని తీసేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పుస్తకాల పేజీలో ఒక పాఠకుడు దెయ్యాల నవలలన్నీ క్షుద్ర సాహిత్యమేనని, వాటిని గ్రంథాలయాల్లోంచి తీసేయాలని రాశారు. ఆయన బాధ నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళకు పైగా టీచరుగా చేశాను. వారపత్రికల్లో చేతబడి సీరియళ్ళు జోరుగా వచ్చే రోజుల్లో పిల్లల లెక్కల పుస్తకాల మధ్య నుంచి ఎన్ని లాక్కున్నానో. అయినా అన్నింటినీ ఒకే గాటన కట్టేయడం అన్యాయమండి.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు నేను ముమ్మిడివరం దగ్గర ఒక ఊళ్ళో పనిచేస్తున్నాను. వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారేసరికి కొబ్బరితోటలు నేలమీద పడుకుని ఉన్నాయి. చేపల వేటకు వెళ్ళినవాళ్ళలో చాలామంది శవాలు కూడా దొరకలేదు. మా పక్కింటావిడ కొడుకు అలా పోయినవాడే. పందొమ్మిదేళ్ళు. దినం చేయడానికి ఆమె ఒప్పుకోలేదు. గాలి పెద్దదైన రాత్రి అరుగు మీద చెంబుతో నీళ్ళు పెట్టి పడుకునేది. "ఉప్పునీళ్ళలో ఉన్నాడు కదండి టీచరుగారూ, దాహమేస్తాది" అనేది. దెయ్యాన్ని పిలుస్తోందని ఊళ్ళో కొందరు తిట్టారు. "దెయ్యమై వచ్చినా నా బిడ్డే కదండి" అంది.

రెండేళ్ళ కిందట, ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్న మా మనవరాలి టేబుల్ మీద అమెరికా రచయిత్రి టోనీ మారిసన్ నవల 'బిలవ్డ్' కనిపిస్తే తీశాను. 1987లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ బహుమతి అందుకుంది. అమెరికాలో నల్లవాళ్ళ బానిసత్వం నాటి కథ. పిల్లల్ని ముందు పంపేసి, తనూ తప్పించుకుని ఒహాయో నది దాటి, బానిసత్వం లేని ఒడ్డుకు వచ్చేసిన తల్లి పేరు సెథ. యజమాని మనుషుల్ని వెంటబెట్టుకుని పట్టుకుపోవడానికి వచ్చినప్పుడు, ఆ నరకానికి మళ్ళీ పంపలేక పసి కూతురి గొంతు తనే కోస్తుంది. 1856లో మార్గరెట్ గార్నర్ అనే తల్లి నిజంగా చేసిన పనే దీనికి ఆధారం.

చచ్చిపోయిన ఆ పిల్ల ఇల్లు వదలదు. కేకు మీద బుల్లి బుల్లి చేతుల అచ్చులు పడతాయి. ఏళ్ళ తరవాత ఒకరోజు, కట్టుబట్టలతో ఒక యువతి నీళ్ళలోంచి నడిచి వస్తుంది. ఆ ఇంటికి చేరి నీళ్ళడిగి గ్లాసు మీద గ్లాసు తాగుతుంది, ఎడారిలోంచి వచ్చినట్టు.

ఆ పేజీ ఇక తిప్పలేకపోయాను. అరుగు మీది చెంబే కళ్ళ ముందు. కళ్ళజోడు తీసేసి ఏడుస్తూ కూర్చుంటే మనవరాలు కంగారుపడింది. ఆ దెయ్యాన్ని చూసి భయం ఎలా వేస్తుందండి? తల్లి కడుపుకోత మనిషి రూపం తొడుక్కుని గుమ్మంలో నిలబడితే!

మీ పేజీలో ఇలాంటి నవలల్ని తెలుగు పాఠకులకు పరిచయం చేయండి. మన రచయితలకూ ఒక మనవి. నిమ్మకాయలు, ముగ్గులు చాలు. ఆ తుఫాను రాత్రి ఇంటికి రానివాళ్ళ మీద ఒక దెయ్యం కథ రాయండి.

మా పక్కింటావిడకు చదువు రాదు. కిందటి కార్తీకంలో ఆ ఊరు వెళ్ళి, అదే అరుగు మీద కూర్చుని కథంతా చెప్పాను. గొంతు కోసిన దగ్గర ఆమె ఏమీ అనలేదు. చివరిదాకా విని ఒక్కటే అడిగింది:

"ఆ పిల్లకి నీళ్ళిచ్చారా అండీ?"

"ఇచ్చారమ్మా, అడిగినన్నిసార్లూ ఇచ్చారు" అన్నాను.

— ఒక రిటైర్డ్ టీచరు, అమలాపురం