వాలుగీత ఎటు వాలింది

సెయింట్ పీటర్స్‌బర్గ్,
ఆదివారం రాత్రి

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. మీరు, అమ్మ క్షేమమని తలుస్తాను. మొన్న నాతో పనిచేసే ఒక పెద్దాయన తాము భద్రపరచుకున్న కోపెక్కులనే పాత రష్యా వెండి నాణేలను చూపించారు. ముప్ఫై ఏళ్లు ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చిన మీకు ఈ సంగతి వివరంగా చెప్పాలనిపించింది.

ఈ కోపెక్కులు గుండ్రటివి కావు. వెండి తీగను ముక్కలుగా కోసి, చదును చేసి, రెండు అచ్చుల మధ్య ఉంచి సుత్తితో కొట్టేవారు. చేప పొలుసుల్లా ఉంటాయి కనుక రష్యన్లు వీటిని ఆ పేరుతోనే పిలుస్తారు. పసివాడైన రష్యా పాలకుడు నాలుగో ఇవాన్ తరఫున అతని తల్లి ఎలెనా గ్లిన్‌స్కాయా పాలించిన 1530ల నాటి సంస్కరణతో మొదలై, పీటర్ చక్రవర్తి కాలంలో 1718 వరకు ఇవి తయారయ్యాయి. మొదట 0.68 గ్రాములున్న నాణెం చివరికి 0.28 గ్రాములకు తగ్గింది. ఒకవైపు ఈటె పట్టిన రౌతు, రెండోవైపు వరుసలుగా పాలకుడి పేరు, బిరుదు ఉంటాయి. అచ్చు కంటే వెండి ముక్క చిన్నది కావడంతో చాలా నాణేల మీద వ్రాత పూర్తిగా పడదు. ఒకే అచ్చు కింద పడిన నాణేలు నాలుగైదు పక్కపక్కన పెడితేగాని వాక్యం పూర్తి కాదు.

ఇవాన్ కాలపు నాణెం చేతికిచ్చి పేరు చదవమన్నారు. మొదటి అక్షరం ‘ఇ’ కావలసినచోట రెండు నిలువు గీతల మధ్య అడ్డగీత ఉంది. నేటి రష్యన్‌లో అది ‘న’. చివర ‘న’ ఉండవలసినచోట ఎడమ పైనుంచి కుడి కిందికి వాలుగీత ఉంది. అది నేటి ‘ఇ’ అద్దంలో తిరగబడినట్లు కనిపించింది. ఒకే పేరులో రెండు తప్పులున్నాయన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ రోజుల్లో ‘న’ను వాలుగీతతో, ‘ఇ’ను అడ్డగీతతో వ్రాసేవారట, తరువాతి కాలంలో ఆ రెండు గీతలూ వంగే తీరు మార్చుకున్నాయి. అదే తిరగబడిన వాలుగీత పీటర్ 1704 నుంచి ముద్రించిన పెద్ద రూబుళ్ల మీద ‘ఇ’ స్థానంలో కనిపిస్తే మాత్రం తప్పే. అక్షరం వయస్సు తెలియకుండా అచ్చు చెక్కినవాడిని తప్పుపట్టకూడదని అప్పుడు నాకు అర్థమైంది. చక్రవర్తి అనే అర్థమున్న ‘జార్’ పదంలో స్వరాక్షరం లేకపోవడమూ లోపం కాదు. మన శుభలేఖల్లో ‘చి. ల. సౌ.’ అన్నట్లే అది వాడుకలో ఉన్న కుదింపు.

అసలైన తప్పు ఎలా పుడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. నాణెం మీద అక్షరం తిన్నగా రావాలంటే అచ్చులో అది ఎడమ కుడిగా మారి, లోతుగా ఉండాలి. చెక్కేవాడు ఆదమరచి తిన్నగా చెక్కితే నాణెం మీద తిరగబడుతుంది. ‘ఓ’, ‘త’ వంటి రష్యన్ అక్షరాలు రెండువైపులా ఒకేలా ఉంటాయి కనుక వాటిలో ఆ ఏమరుపాటు ఎన్నటికీ బయటపడదు. పైగా ఉబ్బెత్తు మూలముద్ర ఒకటి తయారు చేసుకుని, దానితో అనేక అచ్చులు దించేవారు. లోపం మూలముద్రలో ఉంటే అచ్చులన్నిటిలోనూ వస్తుంది, ఒక్క అచ్చులోదైతే ఆ అచ్చుతోనే పోతుంది. ఇక్కడి హెర్మిటేజ్ మ్యూజియం నాణేల విభాగంలో దీర్ఘకాలం పనిచేసిన ఇవాన్ స్పాస్కీ, ఏ అచ్చు ఏ అచ్చుతో జతపడిందో పోల్చి చూస్తూ, చాలావరకు తేదీలు లేని ఈ కోపెక్కులను కాలక్రమంలో పేర్చారు. ఒక్కొక్క గీతను అంత ఓపికగా చూసిన మనిషిపట్ల నాకు ఎంతో గౌరవం కలిగింది.

పాత నాణేలను అనుమతి లేకుండా దేశం దాటించకూడదు కనుక ఫోటోలు మాత్రమే పంపుతున్నాను. మూడో ఫోటోలో రెండో వరుస చూడండి. నెలవంకలా ఉండే ‘స’ అక్షరం కుడివైపు తెరుచుకోవాలి, ఇందులో ఎడమవైపు తెరుచుకుంది. దాని పక్క అక్షరాలన్నీ సరిగానే ఉన్నాయి. ఇన్నిటి మధ్య ఆ ఒక్కటే ఎలా జారిపోయి ఉంటుందో, మీ అనుభవంతో ఆలోచించి వ్రాయండి.

ఇట్లు,
మీ కుమార్తె