పెంపుడు జంతువుల సంక్షేమ సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడు మనం గర్వంగా చెప్పుకోదగ్గ పని ఒకటే: ఆవరణలోని విషపు మొక్కలకు రంగు చీటీలు కట్టడం. మొదట అన్నిటికీ ఎరుపే కట్టి పొరపాటు చేశాం. మనీప్లాంట్‌నూ గన్నేరునూ ఒకే గాట కట్టేసరికి జనం దేన్నీ లెక్కచేయలేదు. విప్పి మళ్లీ కట్టాం.

పసుపు చీటీ మనీప్లాంట్, డిఫెన్‌బేకియాలకు. వాటిలోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు గుచ్చుకుని నోరు మండుతుంది, చొంగ కారుతుంది. నోరు తడిగుడ్డతో తుడిచి నీళ్లు పెట్టండి. గొంతు వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం ఆస్పత్రే.

ఎరుపు చీటీ గన్నేరు, పచ్చగన్నేరులకు. ఇవి గుండె లయను చెడగొడతాయి, ఆకు ఎండినా విషం పోదు. కత్తిరించిన కొమ్మలు గోడవార పడేయకండి, కాల్చకండి. సైకాస్‌కూ ఎరుపే. పామ్ అని అమ్ముతారు గానీ అది పామ్ కాదు. ఒకటి రెండు గింజలు నమిలినా కుక్క కాలేయం దెబ్బతినవచ్చు. దాని ఆకు గట్టిగా ఉండి కొన గుచ్చుకుంటుంది. మెత్తటి ఆకుల అరెకా పామ్‌తో భయం లేదు.

పిల్లులున్నవారు ఇది రెండుసార్లు చదవాలి. లిల్లీ అన్న పేరు ఎన్నిటికో ఉంది. పీస్ లిల్లీకి పసుపు చీటీయే. లిలియం (అసలు లిల్లీ), డే లిల్లీలు మాత్రం ఇంట్లోనే వద్దు. ఒంటిమీద రాలిన పుప్పొడి నాకినా, పూలు పెట్టిన నీళ్లు తాగినా పిల్లి మూత్రపిండాలు పాడవుతాయి. వాంతులు తగ్గి తేరుకున్నట్టే కనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. విషం లోపలికి వెళ్లిన 18 గంటల్లోపే సెలైన్ మొదలవాలి. ఉప్పునీళ్లు పోసి కక్కించవద్దు, ఆ ఉప్పే ప్రాణం తీయగలదు. తిన్న మొక్క ముక్క, తిన్న వేళ, జంతువు బరువు డాక్టరుకు చెప్పండి.

చీటీలు సరిచూసిన పశువైద్యులకు, నిచ్చెనలిచ్చిన తోటమాలులకు, చీటీలకు అల్యూమినియం రేకులు కోసిచ్చిన సభ్యులకు కృతజ్ఞతలు. కట్టేరోజు ఫోనెత్తని వాలంటీర్లు ఫొటో రోజున ముందు వరుసలో నిలబడ్డారు, వారికీ కృతజ్ఞతలే. నడకదారి పక్కన గన్నేరు వరుస తీయించమని రాసిన లేఖలకు అధికారుల నుంచి ‘అందింది’ అన్న ముద్ర తప్ప జవాబు రాలేదు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పట్టిక నోటీసు బోర్డుపై ఉంది.

స్కెచ్‌పెన్ రాతలు వానకు చెరిగిపోవడంతో ఇప్పుడు అల్యూమినియం రేకుపై మేకుతో గీస్తున్నాం. తీగ వదులుగా కట్టాలి, లేకుంటే కాండం లావెక్కేకొద్దీ కోసుకుపోతుంది. వెనక వరుసకు రేకులు సిద్ధం, కట్టేవారు పేర్లివ్వగలరు. ఇచ్చినవారు రాగలరు.

– కార్యదర్శి